మబ్బుల వెంట బండి, వాదిలో లొకేషన్

దుబాయ్‌లో అందరూ జేబులో పెట్టుకు తిరగాల్సిన గుర్తింపు కార్డును మేం బతాకా అంటాం. నా బతాకా మీద ‘డ్రైవర్’ అని ఉండేది. చివరి నాలుగేళ్లు నేను చేసిన పనికి ఆ కార్డు మీద మాట లేదు. ఎడారి దేశంలో వాన ఎక్కడ పడుతుందో కనిపెట్టి, టికెట్ కొని వచ్చినవాళ్లను ఆ వాన కిందికి తీసుకెళ్లి, తడిపి, మళ్లీ ఇంటి దగ్గర దింపడం నా ఉద్యోగం. జగిత్యాల దగ్గరి మా ఊళ్లో ఈ సంగతి చెబితే మా అన్న పడీ పడీ నవ్వాడు. “నాట్లప్పుడు మా పొలంల నిలవడుమను, ఊకెనే తడుస్తరు” అన్నాడు.

ఇప్పుడు రిటైరై ఇంటి దగ్గరుంటున్నాను. అక్కడి టూర్ కంపెనీల్లో డ్రైవర్లుగా చేరబోయేవాళ్లు ఫోన్ చేసి, “లింగన్నా, తుఫాను వేట ఎట్ల చేస్తరో జర చెప్పు” అని అడుగుతుంటారు. నాకు గొప్ప అనుభవం ఉందని వాళ్ల నమ్మకం. అనుభవం ఉన్నమాట నిజమే. అందులో ముప్పాతిక వంతు తప్పులే కాబట్టి, అవే రాస్తున్నాను.

క్వారీ మీద దండయాత్ర

2020 వరకు నేను ఇసుక దిబ్బల మీద బండి ఎక్కించి దించే డ్రైవర్ని. టైర్లలో గాలి తగ్గించి, దిబ్బ అంచున బండిని ఒక పక్కకు వంచి, విదేశీయుల చేత కేకలు పెట్టించి, అప్పుడప్పుడు వాంతులు కూడా చేయించేవాణ్ని. కరోనాతో ఆ విదేశీయులు రావడం మానేశారు. ఆంక్షలు కొంచెం సడలాక మా ముదీర్ జోసెఫ్ సార్, అంటే మా మేనేజరు, ఒకరోజు నన్ను పిలిచాడు. మలయాళీ మనిషి. టేబుల్ మీద ఫోన్ పెట్టి, తూర్పు కొండల మీద మబ్బుల బొమ్మ చూపించాడు.

“లింగం, ఇదర్ రహనేవాలా లోగ్ కో రెస్టారెంట్ నై మాంగ్తా. బారిష్ మాంగ్తా. తుమ్ కిసాన్ కా బేటా హై నా? బాదల్ దేఖ్‌కే మాలూం పడ్తా నా?”

ఇక్కడుండేవాళ్లకు వాన కావాలట, రైతు కొడుకుని కాబట్టి మబ్బు చూస్తే నాకు తెలుస్తుందట. రైతు కొడుకునే. కానీ ఇరవై ఏళ్లకే ఊరు వదిలినవాణ్ని. మబ్బు చూసి చెప్పే విద్య మా నాన్న దగ్గరే ఉండిపోయింది. ఆ ముక్క చెప్పకుండా, “ఎందుకు తెలీదు సార్, మబ్బు వాసన చూసి చెప్తా” అని మీసం మెలేశాను.

అట్లా మొదటి వేటకు బయల్దేరాం. ఐదు బండ్లు, ముందు నేను, చేతిలో వాకీటాకీ. రస్ అల్ ఖైమా దాటాక కొండల దగ్గర బూడిదరంగులో పెద్ద మబ్బు కనబడింది. “అందరూ అద్దాలు ఎత్తుకోండి, గాలివాన లోపలికి పోతున్నాం” అని వాకీటాకీలో గంభీరంగా ప్రకటించాను. వెనక బండ్లలో పిల్లలు చప్పట్లు కొట్టడం నాకు వినబడింది. అరగంట తర్వాత మేం చేరింది ఒక కంకర క్వారీకి. మబ్బు అనుకున్నది క్రషర్ దుమ్ము. గేటు దగ్గర వాచ్‌మన్ నా వెనక నాలుగు బండ్లను తీరిగ్గా లెక్కపెట్టి, “కితనా టన్ లోడ్ కరేగా?” అని అడిగాడు.

తెల్లటి మొహాలతో వెనక్కి వచ్చాం. ఆ రోజు నేర్చుకున్నది ఇది. వాన మబ్బు కాలీఫ్లవర్ పువ్వులాగా పైకి పెరుగుతుంది. దుమ్ము పక్కకు పాకుతుంది. తెలీనప్పుడు తెలీదు అనండి. ఈ రెండో ముక్క నేను ఆ రోజు నేర్చుకోలేదు. నేర్చుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

జోసెఫ్ సార్ గురించి కూడా చెప్పాలి. చెడ్డవాడు కాడు. జ్వరమొస్తే ఇంటి నుంచి గంజి పంపేవాడు. కానీ మబ్బును కూడా ముందుగా బుక్ చేసుకోవచ్చని నమ్మే మనిషి. వాన పడితే కంపెనీ గొప్ప, పడకపోతే డ్రైవర్ తప్పు. ఇట్లాంటి ముదీర్లు మీకూ దొరుకుతారు. వాళ్లు చెప్పినదానికల్లా తల ఊపండి, బండి మాత్రం మీ బుద్ధితోనే నడపండి.

సుడిగాలి కావాలన్న మూర్తిగారు

మాకు ఒక శాశ్వత కస్టమర్ ఉండేవాడు. మూర్తిగారు, కాకినాడ మనిషి, అజ్మాన్‌లో ఉండే ఇంజనీరు. మెడలో రెండు కెమెరాలు. ఆయనకు వాన ఆనదు. ఫోన్‌లో అమెరికావాళ్ల వీడియోలు చూసి, ఆకాశం నుంచి నేల దాకా దిగే సుడిగాలి మీద మనసు పడ్డాడు.

“లింగం గారూ, ఒక్క టోర్నడో చూపించండి చాలు. జన్మలో మిమ్మల్ని మర్చిపోనండి.”

“ఇక్కడ అట్లాంటివి రావు సార్.”

“రావు అనకండీ. మీరు తలుచుకుంటే వస్తాయండీ.”

ఒకసారి అల్ ఐన్ దారిలో దుమ్ము సుడి ఒకటి లేచింది. కొబ్బరిచెట్టంత ఉంటుంది. నేను మహా గర్వంగా “ఇది పిల్ల టోర్నడో సార్” అన్నాను. ఆయన కెమెరా పట్టుకుని దానికి ఎదురెళ్లాడు. అది ఆయన టోపీ, మేం భోజనానికి పరిచిన చాప, నా ప్లేటులో చికెన్ ముక్కతో సహా పట్టుకుపోయింది. ఆయన మాత్రం కళ్లు నులుముకుంటూనే “ఇంకాస్త ముందుకెళ్దామండీ” అన్నాడు.

ఈ పనిలో చెవిన పడే మాటలన్నిటిలో ప్రమాదకరమైనది ఆ ‘ఇంకాస్త ముందుకు’. అమెరికాలో టోర్నడో వెంట పడేవాళ్లయినా, మా లాగా అరమబ్బు వెంట పడేవాళ్లయినా చేయాల్సింది ఒకటే. ఆగిన ప్రతిచోటా బండి ముక్కు బయటికి పోయే దారి వైపు తిప్పి పెట్టాలి. ట్యాంకు నిండుగా ఉండాలి. వడగళ్లు మొదలైతే వెనక్కి రావాలి, వీడియో సగంలో ఉన్నా సరే. ఇవన్నీ నేను బాగానే చేశాను. నా బండిలో ఎక్కినవాళ్లకు ఒక్క గీత కూడా పడలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. నా వెనక వస్తున్నవాళ్ల సంగతి మాత్రం నాకు తట్టలేదు.

వాన లింగన్న

మాకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉండేది. మన దిక్కువాళ్లే, ఎక్కువమంది సోనాపూర్ క్యాంపుల్లో ఉండే మేస్త్రీలు, కూలీలు. వాన ఎక్కడ పడబోతోందో నేను లొకేషన్ పెట్టేవాణ్ని. సెలవు రోజైతే నలుగురైదుగురు కలిసి వ్యాను మాట్లాడుకుని అక్కడికి వచ్చి తడిసి పోయేవాళ్లు. వీళ్లకు ఊరికి పోయే సెలవు పెళ్లిళ్ల కాలంలో, నడి ఎండల్లో దొరుకుతుంది. తొలకరి పడేసరికి మళ్లీ క్యాంపులో ఉంటారు. ఏళ్ల తరబడి వాన చూడనివాళ్లు చాలామంది.

గ్రూపులో నా పేరు ‘వాన లింగన్న’. లొకేషన్ పెట్టిన నిమిషంలో ముప్పై దండాలు వచ్చేవి. ఇంట్లో మా ఆవిడ కూడా పెట్టని దండాలు. దాంతో నాకు ఒక రోగం పట్టుకుంది. బండి ఆగీ ఆగక ముందే, అందరికంటే ముందు నేనే లొకేషన్ పెట్టాలి. ఇంకో గ్రూపులో ఇంకెవడో పెట్టేలోపు పెట్టాలి. యాభై ఏడేళ్ల మనిషికి ఉండాల్సిన రోగం కాదు, కానీ ఉండేది.

ఆ గ్రూపులోనే మా సాయన్న ఉండేవాడు. మా ఆవిడ చెల్లెలి భర్త, నాకు షడ్డకుడు. సోనాపూర్‌లో ఉంటూ ఇనుప చువ్వలు కట్టే పని చేసేవాడు. మూడో తరగతి దాకా చదివాడు. ఫోన్‌లో మ్యాపు చూసి దారి పట్టడం నేనే నేర్పాను. నీలం గీత ఎటు పోతే అటు పోవడం, చుక్క మనమే అని తెలుసుకోవడం. నేర్చుకున్నాక వాడి సంబరం చూడాలి. దుబాయ్ పాత బజారు నైఫ్ మార్కెట్ సందుల్లోకి వాళ్ల రూమువాళ్లను తీసుకుపోయి, “నా ఎనుక రాండ్రి” అని ముందు నడిచేవాడట.

ఆ ఆదివారం

2022 ఎండాకాలం. మధ్యాహ్నం రెండు గంటలకు హత్తా దిక్కున కొండల్లో ఒక వాదికి చేరుకున్నాం. వాది అంటే మన వాగే, కాకపోతే ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి గులకరాళ్లతో ఉంటుంది. ఆ రోజు నాతో మూర్తిగారు, ఇంకో ముగ్గురు కస్టమర్లు. కొండ మీద మబ్బు ఎదుగుతోంది. కింద వాదిలో ఒక పెద్ద తుమ్మచెట్టు నీడ. బండి సరిగ్గా దాని కింద, వాగు నడిమధ్య ఆపాను. హత్తా దిక్కుకు బయల్దేరమని పొద్దున్నే గ్రూపులో చెప్పి ఉంచాను కాబట్టి, బండి ఆపగానే లొకేషన్ పెట్టాను. ‘ఇయ్యాల ఈడ దంచికొడ్తది, రాండ్రి’ అని కూడా రాశాను.

పది నిమిషాలకు ఒక ముసలి అరబ్బు తన పికప్‌లో వచ్చాడు. పక్క గుట్ట కింద మేకలు పెంచుకునే మనిషి, సయీద్ బాబా అంటారు. కిటికీలోంచి చేయి ఊపుతూ అరిచాడు.

“తుమ్ డ్రైవర్ హై యా గధా హై? గాడీ నికాలో! పహాడ్ మే బారిష్, ఇదర్ పానీ ఆయేగా. యల్లా, యల్లా!”

కొండ మీద వాన పడుతోందట, ఇక్కడికి నీళ్లొస్తాయట, బండి తీయమంటాడు. నెత్తిన ఎండ మండుతోంది, నీళ్లెక్కడివి అనుకున్నాను. అయినా కస్టమర్ల ముందు గాడిద అనిపించుకోవడం ఇష్టంలేక బండి తీసి, పక్క గుట్ట మీదికి ఎక్కించాను. మా ఐదుగురం క్షేమం. నా బాధ్యత అక్కడితో ఖలాస్ అనుకున్నాను.

గుట్ట మీద మూర్తిగారు కెమెరా బిగించి, “లింగం గారూ, కొత్తవాళ్ల కోసం జాగ్రత్తలు రెండు చెప్పండీ, రికార్డు చేస్తాను” అన్నాడు. నేను జుట్టు సవరించుకుని నిలబడ్డాను. ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో నేను వేలు ఆడిస్తూ, “వాదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ బండి ఆపకూడదు, పైన ఎక్కడో వాన పడినా కింద వరద వస్తుంది” అని పది నిమిషాల క్రితం తెలుసుకున్న ముక్కను పుట్టుకతో తెలిసినట్టు చెబుతుంటాను. నా భుజం వెనక దూరంగా ఒక తెల్ల వ్యాను మెల్లగా వాగులోకి దిగుతూ ఉంటుంది.

మూర్తిగారే ముందు చూశాడు. “ఆ వ్యాను మనవాళ్లదేనాండీ?”

తిరిగి చూశాను. వ్యాను వచ్చి సరిగ్గా తుమ్మచెట్టు కింద ఆగింది. పదకొండుమంది దిగారు. చాప పరిచారు. బిర్యానీ గిన్నె దింపారు. ఎర్ర టీషర్టు వేసుకుని ముందు సీట్లోంచి ఫోను పట్టుకుని దిగినవాడు సాయన్న. నేను గుట్ట ఎక్కాను గానీ నా లొకేషన్ వాగులోనే ఉంది.

ఫోన్ చేశాను, కింద ఉన్న కాస్త సిగ్నల్ గుట్ట మీద లేదు. పై మలుపు నుంచి గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు మొదలైంది. గుట్ట అంచుకు పరిగెత్తి రెండు చేతులూ ఊపుతూ అరిచాను. నా మోకాలి సంగతి తెలిసినవాళ్లు అది పరుగు అనరు. కిందనుంచి వాళ్లు నన్ను చూశారు. వాన వస్తోందన్న సంతోషంలో ఎగురుతున్నాననుకున్నారు. పదకొండుమందీ చేతులెత్తి నాతోపాటు ఎగిరారు.

అంతలో సయీద్ బాబా పికప్ హారన్ మోగిస్తూ వాగు గట్టు మీదికి వచ్చింది. ఆయన దిగి, కంగారులో హిందీ మరిచిపోయి, గొంతు చించుకుని అరబ్బీలో అరుస్తున్నాడు. అప్పుడు మనవాళ్లు చేసిన పని నాకు కళ్లు మూస్తే కనబడుతుంది. అరబ్బు మనిషి కోపంగా అరిస్తే క్యాంపువాళ్లకు తెలిసిన పని ఒకటే. పదకొండుమందీ గబగబా ఎగరడం ఆపి, వాగు నడుమ వరసలో నిలబడి, జేబుల్లోంచి బతాకాలు తీసి ముందుకు చాపారు. ఎవరూ కదల్లేదు. ఆయన ఎంత అరిస్తే అంత బిగుసుకుని నిలబడ్డారు.

నేను గుట్ట దిగుతూ సగం దొర్లుతూ, చెప్పు ఒకటి ఊడిపోయి, ఊపిరంతా కూడగట్టి అరిచాను. “బతాకాలు కాదుర! వాగస్తుంది! ఉరుకుండ్రి! గట్టెక్కుండ్రి!”

తెలుగు చెవిన పడ్డాక కదిలారు. సాయన్న అందరినీ గట్టు మీదికి నెట్టి ఆఖరున ఎక్కాడు. సయీద్ బాబా వాడి టీషర్టు పట్టి పైకి లాగాడు. ముందు ఎండుపుల్లలు, ప్లాస్టిక్ సీసాలు తోసుకుంటూ మట్టినీళ్లు మెల్లగా వచ్చాయి. మనం మూడుసార్లు ఊపిరి తీసేలోపు అవి నడుము లోతయ్యాయి. చాప పోయింది, గిన్నె పోయింది. తర్వాత వ్యాను పక్కకు ఒరిగి, పడవలాగా తిరిగి, కొట్టుకుపోయింది. అక్కడ ఒక్క చుక్క వాన కూడా పడలేదు.

నేను క్షమించాను

గట్టు మీద వాళ్ల దగ్గరికి నడిచే ముందు నేను ఒక పని చేశాను. గుట్ట పక్కన ఒక్క నిమిషం ఆగి ఫోను తీసి చూశాను. ఒక గీత సిగ్నల్ వచ్చింది. గ్రూపులో నేను పెట్టిన లొకేషన్ తుడిచేశాను. ఆ పని మాత్రం తప్పు పోకుండా చేశాను.

వెళ్లేసరికి వ్యాను డ్రైవరు సాయన్న మీద విరుచుకుపడుతున్నాడు. “ఇసీ నే బోలా, ఇదర్ ఉతారో బోలా!” సాయన్న నన్ను చూడగానే రెండు చేతులతో నా చేతులు పట్టుకున్నాడు.

“అన్నా, నువ్వు గుట్ట మీద పెడితే నేను వాగుల దించిన. నాకు సక్కగ సూడరాలే. ఇంతమందిని సంపుతుంటి గదనే. నువ్వు లేకుంటే ఏమైతుండే.”

నాకు నోరుంది. మామూలుగా దానికి విశ్రాంతి ఉండదు. అప్పుడు మాత్రం, “పోనీ తియ్ తమ్మీ, ఇగ మీదట పైలం” అన్నాను. అంటే నేను వాణ్ని క్షమించాను. పైగా జాగ్రత్తలు చెప్పాను.

వ్యాను సంగతి ఇన్సూరెన్సువాళ్లు చూసుకున్నారు. తర్వాతి ఏడాది వానలప్పుడు వాదుల దగ్గర గుమిగూడటమే నేరమని చట్టం తెచ్చారు. మంచి చట్టం. జోసెఫ్ సార్ మొహం మాడ్చుకున్నాడు గానీ నాకు అది ఒక ఏడాది ఆలస్యమైందనిపించింది. క్యాంపులో, ఊళ్లో మాత్రం నేను పదకొండుమందిని కాపాడిన మనిషిని. మా అత్తగారింట్లో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. అది చాలా బరువుగా ఉందని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ఆ రోజు నాకు బాగానే అనిపించింది.

సాయన్నకు వాగు సాయన్న అని పేరు పడింది. ఎక్కడికైనా బయల్దేరితే, “నువ్వు ఎనుక కూసో, తోవ మేం సూస్తం” అనేవాళ్లు. వాడు నవ్వి వెనక కూర్చునేవాడు. ఆ మరుసటేడు వాళ్ల కంపెనీ వాణ్ని ఫోర్‌మన్ చేస్తానంది. రోజుకో సైటుకు మనుషుల్ని తీసుకుపోయే పని. మా ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. “వద్దన్నడట బావా. నాకు తోవ తెల్వది, మందిని ఎంటవెట్టుకపోను అంటున్నడు. నువ్వన్న చెప్పు.” చెబుతానన్నాను. చెప్పలేదు. చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

సోనాపూర్ రూములో

2024లో నేను ఉద్యోగం మానేసి ఊరికి బయల్దేరే ముందు ఒక ఆదివారం సాయన్న దగ్గరికి వెళ్లాను. మనసులో పెట్టుకుని విమానం ఎక్కలేకపోయాను. మంచి బుద్ధి పుట్టి వెళ్లానని అనుకోవద్దు. ఊళ్లో ఇక రోజూ వాడి పెళ్లాం మొహం చూడాలి, అది నావల్ల కాదనిపించింది.

ఆరు బంకుమంచాల గది. సాయన్న కింద కూర్చుని ఉల్లిగడ్డ తరుగుతున్నాడు. మిగతావాళ్లు మంచాల మీద ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ రోజు వాగులో ఉన్నవాళ్లే ముగ్గురు ఉన్నారు. నేను వాడి పక్కన కూర్చుని, ముందు వాన గురించి, తర్వాత టికెట్ గురించి, తర్వాత మళ్లీ వాన గురించి మాట్లాడాను. వాడే అడిగాడు. “ఏందన్నా, ఏమన్న ఉన్నదా?”

చెప్పాను. వాగు నడుమ బండి ఆపింది నేనని, లొకేషన్ పెట్టింది అక్కణ్నించేనని, గుట్ట ఎక్కాక మార్చడం మరిచానని, తర్వాత తుడిచేశానని. “నువ్వు తప్పు తోవ వట్టలే తమ్మీ. నేను యాడ పెడితే ఆడికే అచ్చినవ్. తప్పంత నాదే” అన్నాను.

వాడు కత్తి కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. తిట్టినా బాగుండు అనుకున్నాను. తిట్టు కోసం తల వంచుకుని సిద్ధంగా ఉన్నాను.

“గట్లనా?” అన్నాడు. “అంటే... నేను సక్కగనే సూసిన్నా అన్నా?”

“సక్కగనే సూసినవ్.”

“నీలం గీత, సుక్క... అన్నీ సక్కగనే?”

“అన్నీ సక్కగనే తమ్మీ.”

వాడి మొహం విప్పారింది. నా వైపు చూడను కూడా లేదు. లేచి నిలబడి, ఉల్లిగడ్డ చేతులతోనే మంచాల మీదివాళ్లను కుదుపుతూ అరిచాడు. “ఓ మల్లయ్యా, ఓ నర్సన్నా, ఇనుండ్రిరా! నేను సక్కగనే సూసిన్నట! నాకు తోవ తెల్సట!”